పై అంతస్తు చప్పుడు

తలుపు తట్టింది కింది అంతస్తు పెద్దాయన.

"అమ్మా, మీ కుక్క నడిచే చప్పుడు..."

ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. తప్పయిందని, ఇకమీదట వినబడదని చెప్పి, చేతులు జోడించినంత పని చేసి తలుపు వేసేసింది.

ఒక్క ఫిర్యాదు వచ్చినా కుక్కో, ఇల్లో తేల్చుకోమని అద్దెకు చేరిననాడే ఇంటివాడు చెప్పాడు. ఊరంతా గాలిస్తే, కుక్కను రానిచ్చిన ఇల్లు ఇదొక్కటే.

ఆ పూటే దొరను లోపలి గదిలోకి మార్చింది. దొర అంటే ఆ కుక్కే.

గది చిన్నది. కిటికీ ఎత్తు. నేలంతా పాత బొంతలు, వాటిమీద తివాచీ.

ఆమె కూడా మునివేళ్ల మీద నడవడం నేర్చుకుంది. గిన్నె కింద గుడ్డ, కుర్చీ కాళ్లకు గుడ్డ. మాటకు కూడా గుడ్డ చుట్టుకుని బతికారు ఇద్దరూ.

నాలుగోనాడు ఆయన మళ్లీ వచ్చాడు.

"మూడు రోజులుగా అసలు చప్పుడే లేదేం?"

"మీరు కోరింది అదేగా, బాబాయిగారూ."

కాదన్నట్టు ఆయన తల ఊపాడు. లోపలికి వచ్చి ఒకసారి చూస్తానన్నాడు. పొయ్యి మీద పాలున్నాయని ఆమె తలుపు దగ్గరికి వేసింది.

ఆ తర్వాత ఇంకోసారి తట్టాడు. ఊపిరి బిగబట్టి, దొర మూతిని ఒడిలో దాచి, ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఒక్కసారి గచ్చు మీద నడిపించి చూడమ్మా," అన్నాడు తలుపు అవతలినుంచే.

దెప్పుతున్నాడనుకుంది.

"గచ్చు మీదికి రమ్మంటున్నాడు దొరా. వెళ్లావో, ఇద్దరం వీధిలోనే," అంది కుక్క చెవిలో.

రోజులు గడిచాయి. దొర లేవడం తగ్గించాడు. గది ఇరుకైనందుకు అలిగాడనుకుంది. నెల తిరిగేసరికి వెనక కుడి మోకాలు వాచింది.

పశువైద్యుడు మొదట దొరను ముట్టుకోనేలేదు. వరండాలో, ఒట్టి గచ్చు మీద, అటూ ఇటూ నడిపించమన్నాడు.

నెల తర్వాత మళ్లీ ఇప్పుడే ఆమె దొర గోళ్ల చప్పుడు వింది.

టక్, టక్, టక్.

నాలుగోది లేదు.

డాక్టరు వంగి, ఒక్కో కాలినీ గోళ్ల దగ్గరనుంచి పైకి, కీలు కీలునా నొక్కుతూ వచ్చాడు. మోకాలి దగ్గర దొర అరవలేదు. నొక్కుతున్న చేతినే నాకాడు.

ఎక్స్‌రేలో ఎముక అంచు పురుగు తొలిచినట్టుంది. సూదితో తీసి చూస్తే కీలు నిండా చీము. నెల కిందటైతే మందులతో తగ్గేదని, ఇప్పుడు కాలు తీసేస్తే తప్ప ప్రాణం దక్కదని డాక్టరు మెల్లగా చెప్పాడు.

"ఇన్నాళ్లూ నడక తేడాగా ఉందని ఎవరూ అనలేదా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆపరేషనుకు ఒప్పుకోలు కాగితం తీశాడు. చిరునామా అడిగాడు. ఆమె చెబుతుంటే, రాస్తున్న కలం ఆగింది.

"మీ కింద ఉండేది మా మాస్టారేనండీ, కళ్లు మూసుకుని, ఒట్టి అడుగుల చప్పుడు విని, జబ్బుకాలు ఏదో పట్టుకోవడం మా అందరికీ నేర్పింది ఆయనే."