తీగ పిలిచిన పేరు

చర్ల అడవి అంచున ఉన్న తన గుడిసెలోనే సారంగపాణి ఇరవై ఏళ్లు గిటారు వాయించాడు. దాన్ని ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కుకడ్డీ జారుస్తూ, తన వాయింపును తనే క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాడు. అతను పోయిన ఏడాదికి, మంచివన్నీ ఏరి ఒక్క క్యాసెట్‌లో పెడదామని భార్య గురవమ్మ, తమ్ముడు కాశయ్య దీపాలవేళ కూర్చున్నారు.

మొదటి క్యాసెట్లో వాన చప్పుడు, దాని నడుమ సన్నగా సాగే గిటారు. ఒక్కొక్కటే విన్నారు. ఆఖరిది పెట్టిన కాసేపటికి తీగ మెల్లగా జారింది.

"గురవా..."

"వదినా, నిన్నే పిలుస్తుండు. గిటారుతో గూడ పెత్తనమేనా!" కాశయ్య నవ్వాడు.

తీగ మళ్లీ పిలిచింది.

"ఆఁ, వస్తున్న!" అలవాటుగా విసుక్కుంది గురవమ్మ.

కాశయ్య నవ్వు ఆగిపోయింది. చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా అక్కడ ఎవరూ పలకరు. ముందే పలికితే పిలిచినవాళ్ల వెంట పోవాల్సిందే.

"ఎంత పని చేసినవ్ వదినా!"

"టేపే గద, కాశయ్యా. ఏమైతది?"

అతను టేప్‌రికార్డర్ వైపు వేలు చూపించాడు. క్యాసెట్ అయిపోయి, మీట ఎప్పుడో పైకి లేచి ఉంది.

బయట తీగ పిలుపు అడవివైపు జారుతూ పోతోంది.

గురవమ్మ చెప్పులు తొడుక్కుంటోంది.