ఆకు లేని చాయ్

"ఇది చాయ్ గాదు, దవాఖాన నీళ్లు" అంటూ మార్కండేయులు గ్లాసును మగ్గం పక్కన ఠక్కున పెట్టాడు. సగం ఒలికి నేల మీద పారింది.

కోడలు తేజస్విని గుడ్డ తెచ్చి తుడిచింది. "డాక్టర్ రోజుకు రెండే అన్నడు మామయ్యా. పొద్దుగాల్నే రెండూ తాగిన్రు గదా, అందుకే దీంట్ల పొడి తక్కువేసిన."

"గంటకొకటి పడకపోతే నా కాలు మగ్గంల ఆడది బిడ్డా."

"గంటకొకటి పడ్డందుకే గుండె దడ. మొన్న జంపఖానా నేసుకుంట నేసుకుంట పక్కకు ఒరిగినవ్, యాదికున్నదా?" అని లోపలి నుంచి భార్య అనసూర్య అందుకుంది.

ఆయన చెప్పులు తొడుక్కుని కొత్తవాడ మూల మీది చాయ్ బండి దగ్గరికి నడిచాడు. కడక్ చాయ్ చెప్పి, గ్లాసు చేతిలోకి తీసుకున్నాక చూస్తే పక్కన తేజస్విని నిలబడి ఉంది. గ్లాసు గుంజుకుంటుందేమో, నలుగురిలో పరువు పోతుందేమో అనుకున్నాడు.

"తాగుండ్రి మామయ్యా, నేను అడ్డం రాను. గని ఒక్క ముచ్చట చెప్పుండ్రి. దీంట్ల ఉన్నదేంది, నా దాంట్ల లేనిదేంది?"

ఆయన చేయి ఆగింది. కొట్లాటకు సిద్ధమైన మనిషి ఇలాంటి ప్రశ్నకు ఏం చెప్తాడు? ఒక గుటక వేసి, నిజంగానే ఆలోచించాడు.

"ఇది గొంతుల పట్టుకుంటది. నీది జారిపోతది. ఎట్ల చెప్పాలె... నీ దాంట్ల పడుగున్నది, పేక లేదు."

తేజస్విని నవ్వలేదు. "సమజైంది" అని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి వంటింట్లో సంగతులు మారాయి. పొద్దున తాగే రెండు చాయ్‌లకు పొడి మానేసి పెద్ద ఆకుల చాయ్‌పత్తా తెచ్చింది. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, అప్పుడు ఆకు వేసి మూతపెట్టేది. రంగు దిగగానే, చేదు దిగకముందే వడగట్టేది. "పొడిని మస్తుసేపు మరగబెడితే కెఫిన్ ఎక్కువ దిగుతది మామయ్యా. మీ గుండెకు గదే పడ్తలేదు" అని చెప్పింది. మధ్యాహ్నం, సాయంత్రం చాయ్‌లలో అసలు ఆకే లేదు. నల్లగా వేయించిన ధనియాలు, దంచిన సొంఠి, నిమ్మగడ్డి, పాలు, కొంచెం బెల్లం.

గ్లాసు ఇచ్చిన ప్రతిసారీ "ఎట్లుంది?" అని అడిగేది. మార్కండేయులు మొహమాటపడే రకం కాదు.

"ఘాటు ముక్కుకెక్కుతాంది." సొంఠి తగ్గింది.

"పచ్చివాసన." ధనియాలు ఇంకాస్త వేగాయి.

"గిది పిల్లలకు పోసే కషాయం." నిమ్మగడ్డి సగమైంది, రెండు మిరియాలు తోడయ్యాయి.

ఒక్కసారి కూడా ఆమె మూతి ముడవలేదు. ఒక్క పోగు తప్పితే జానెడు నేత విప్పి మళ్లీ నేసే మనిషి ఆయన. ఆ మొండితనం తన కొడుకు జీవన్‌కు రాలేదని ఎన్నోసార్లు చిన్నబుచ్చుకున్నాడు. అది కోడలిలో కనబడేసరికి తిట్టడం తగ్గింది. చాయ్ వేళకు చెవులు వంటింటి వైపే ఉండేవి. ఒక సాయంత్రం గ్లాసు ఖాళీ చేసి, ఏమీ అనకుండా మళ్లీ చాపాడు.

"పేక పడ్డదా మామయ్యా?"

"పడ్డది బిడ్డా. గట్టిగ పడ్డది."

చాయ్ బండి వైపు వెళ్లడం మానేశాడు. గుండె దడతో రాత్రుళ్లు లేచి కూర్చోవడం లేదు. ఈసారి పరీక్ష చేసిన డాక్టర్ "దడ మంచిగ తగ్గింది, ఏం చేసిన్రు?" అని అడిగితే, "నేనేం జేసిన సార్, అంత మా కోడలే జేసింది" అని ఛాతీ విరుచుకుని చెప్పాడు.

ఆ వారమే సుదర్శన్ వచ్చాడు. మార్కండేయులుకు చిన్ననాటి దోస్తు, చౌరస్తాలో చాయ్‌పత్తా దుకాణం ఆయనది. నేయించుకున్న జంపఖానా తీసుకుపోవడానికి వచ్చి, తేజస్విని ఇచ్చిన చాయ్ ఒక గుక్క తాగి అట్లాగే ఆగిపోయాడు.

"ఏ తోట ఆకురా గిది? నా దుకాణంల లేదు."

"అసలు దాంట్ల ఆకే లేదు" అని మార్కండేయులు పడీపడీ నవ్వాడు. "కెఫిన్ గిఫిన్ ఏం లేదు. నా గుండె కోసం మా బిడ్డ సొంతంగ జేసిన చాయ్ ఇది."

సుదర్శన్ ఇంకో గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. ధనియాల కమ్మదనం ముందు, దాని వెనక మిరియం, ఆఖరున ఎక్కడో నిమ్మగడ్డి. ఏదీ ఇంకోదాన్ని తొక్కడం లేదు. తన తండ్రి కాలం నుంచీ ఆకుల మధ్య పెరిగినా ఇంత కుదురైన కలయిక ఆయన ఎరగడు.

"బిడ్డా, రేపటి సంది నా దుకాణానికి రా. వాసన చూసి ఆకు ఏరుడు, కలుపుడు అంత నీకే ఇడిచిపెడత. గిసొంటి ముక్కు, గిసొంటి నాలుక ఈ వరంగల్‌ల ఇంకెవలికి లేదు."

తేజస్విని అత్త వైపు చూసింది. అనసూర్య ఒక్కసారి తల ఊపి, కోడలి భుజం మీద చేయి వేసింది.

"మాఫ్ చేయిండ్రి కాకా" అంది తేజస్విని. "కరోనా వచ్చి పోయినకాన్నుంచి నాకు వాసన, రుచి రెండూ తెల్వయి."