సంతకం పెట్టని మనిషి

"నా టీ జల్లెడ ఎవరు తీశారు?"

వంటింట్లోంచి అత్తగారి కేక వీధి గుమ్మం దాకా వినిపించింది.

"నేనే తీశానత్తయ్యా. గీజర్ చూడ్డానికొచ్చినాయన అడిగితే ఇచ్చాను," అంది కోడలు.

"గీజర్లో టీ కాస్తున్నాడా ఏం?"

"ట్యాంకులోంచి వచ్చే మడ్డి పట్టి చూడాలట."

"ఆ మడ్డి రేపు నేను తాగాలట!"

"కొత్తది కొనిస్తాలెండి."

"కొత్తదానికి ఆ వాటం ఎక్కడొస్తుందే? పన్నెండేళ్లు వాడితే కుదిరింది."

కోడలు నవ్వాపుకుని మెట్ల వైపు నడిచింది.

కింద వాళ్ల కాపురం, పైన రెండంతస్తులూ ఆడపిల్లల హాస్టల్. నలభై మందికి వేడినీళ్లిచ్చే పెద్ద గ్యాస్ గీజర్ మెట్ల కింది గదిలో ఉంది. ఆ గది గోడకి అవతలే పాప మంచం.

మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని ట్యాంకు అడుగు కుళాయిలోంచి నీళ్లు వదులుతున్నాడు. నెరిసిన గడ్డం, మోచేతుల దాకా మసి. జల్లెడ నిండా గుడ్డు పెంకుల్లాంటి సున్నం పెచ్చులు.

"ఏడాదికోసారి కడగాలమ్మా. ఈ కుళాయి ఎన్నేళ్లుగా తిప్పలేదో, కదలడానికే అరగంట పట్టింది."

"పోయినేడు సర్వీసు చేశారుగా? అదిగో, కార్డు మీద సంతకం."

"సంతకమైతే ఉంది," అన్నాడతను.

నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాడు. బర్నర్ ఊడదీసి, ఒక్కో చిల్లూ బ్రష్షుతో గీకి, ఊది, మళ్లీ బిగించాడు. ట్యాంకు నింపి మంట వెలిగించాడు. అగ్గిపుల్ల గీసి, ఆర్పి, దాని పొగని పొగగొట్టం మొదట్లో పట్టుకున్నాడు.

"పైకి లాక్కోవాలి. చూడండి."

పొగ పైకి పోలేదు. వెనక్కి తిరిగి వాళ్ల ముఖాల మీదికే వచ్చింది.

అతను వెంటనే గ్యాస్ కట్టేశాడు. పొగగొట్టం వెంట చేత్తో తడుముకుంటూ పోయి, అది గోడలోకి దూరే చోట ఆగాడు. తుప్పు రాలింది. వేలు దూరేంత కన్నం.

"ఈ గోడవతల ఎవరు పడుకుంటారు?"

"మా పాప."

"పొద్దున లేవగానే తలనొప్పంటుందా?"

నెల రోజులుగా అంటోంది. బడి ఎగ్గొట్టే వేషాలని తిట్టింది తనే. ఇవాళా అలాగే తిట్టి, చివరికి ఇంట్లోనే ఉండనిచ్చింది.

"ఈ పొగకి వాసన ఉండదమ్మా. నిద్రలోనే ప్రాణం పోతుంది," అన్నాడతను.

మామగారు చెప్పులీడ్చుకుంటూ వచ్చారు.

"ఏమయ్యా, అయిందా? కార్డు మీద సంతకం పెట్టి వెళ్లు."

"పెట్టనండీ. గొట్టం మార్చాలి. అందాకా వెలిగించకూడదు."

"నలభై మంది పిల్లలు చన్నీళ్లు పోసుకుంటారా? రేపే ఖాళీ చేసి పోతారు!"

"పోనివ్వండి. నడిచి పోతారు కదా."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? మీ కంపెనీకి ఫోన్ చేశానంటే..."

"చెయ్యండి. నన్ను వాళ్లింక చెయ్యగలిగిందేమీ లేదు."

మామగారు గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

అతను గ్యాస్ పైపు మీది పిడిని ఊడదీసి కోడలి చేతిలో పెట్టాడు.

"ఎవరడిగినా ఇవ్వకండి."

సంచీ సర్దుకుంటూ గోడకంటించిన కాగితం దగ్గర ఆగాడు. 'వేడినీళ్లు ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకే.'

"ఈ రాత మీదేనా అమ్మా?"

"అవును."

"ముత్యాల్లా ఉంది. ఇదివరకోసారి చదివాను."

ఎక్కడ అని అడగాలనుకుంటూనే మంచినీళ్ల కోసం వెళ్లింది. గ్లాసుతో వచ్చేసరికి అతను లేడు. జల్లెడ మాత్రం తళతళా తోమి, మెట్టు మీద బోర్లించి ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు.

"ఆ పిడి ఇటివ్వమ్మాయ్," అన్నారు మామగారు. "వేరేవాణ్ణి పిలిచి, పోయినేటిలాగే సంతకం పెట్టించి వెలిగిస్తాను."

"ఇవ్వను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏంటా మొండితనం?" అన్నాడు భర్త.

"గొట్టం మారేదాకా గీజర్ వెలగదు. పైనున్న పిల్లలకి నేనే చెప్తాను. పోయేవాళ్లు పోతారు. పాప ఇవాళ్టి నుంచి ఆ గదిలో పడుకోదు."

"నా పక్కన పడుకుంటుంది," అంది అత్తగారు, పాప కంచంలో అన్నం పెడుతూ.

"ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదన్నమాట!"

"మీ మాటకి విలువిచ్చే ఒకసారి రాశాను మావయ్యగారూ. ఇక రాయను." పిడిని కొంగున ముడేసుకుంది. "ఆ గొట్టం ఆయనే వచ్చి బిగించాలి. ఎక్కడున్నా వెతికి తీసుకొస్తాను."

"వెతకడమేంటి? కంపెనీకి ఫోన్ చేస్తే పంపరూ?"

"చేశాను. ఇవాళ వాళ్లెవరినీ పంపలేదట. ఆనవాళ్లు చెప్తే పోల్చుకున్నారు గానీ, ఆయనెక్కడుంటాడో వాళ్లకీ తెలీదట."

"మరి పొద్దున వచ్చిందెవరు?"

కోడలు మామగారి కళ్లలోకి సూటిగా చూసింది.

"పోయినేడు మనం ఊళ్లో లేనప్పుడు, గొట్టం మార్చందే సంతకం పెట్టనని ఫోన్‌లో మీకు ఎదురుచెప్పిన మనిషే మావయ్యగారూ... మీరు చెబుతుంటే నేను రాసిన ఫిర్యాదుని కంపెనీవాళ్లు ఆయన చేతే చదివించి, ఆ రోజే పనిలోంచి తీసేశారట."