పొగ మేడమ్

“నీ పొగ నౌకరి పాడుగాను! మా ఆయన కూలి పోయె గద పిల్లా!”

పొద్దున్నే పక్కింటి నర్సవ్వ గుమ్మంలోకి వచ్చి సంధ్యారాణిని నిలదీసింది. వెనకాల గల్లీ ఆడవాళ్లంతా ఉన్నారు.

సంధ్యారాణి అటవీశాఖలో కాంట్రాక్టు ఉద్యోగి. ఎండలు ముదిరి అడవి అంటుకోక ముందే సిబ్బంది అక్కడి ఎండుటాకులను తామే కాల్చేస్తారు. ఆ పొగ ఎటు పోతుందో ముందుగా చెప్పడం ఆమె పని. ఈరోజు పొగ నేరుగా సూరత్‌కు, అదీ తాముండే తెలుగు వలస కూలీల పేట వడోద్ మీదికే వస్తుందని ఆమె రాసిచ్చింది. పొగకు పొగ తోడైతే ప్రమాదమని అధికారులు చుట్టుపక్కల రంగుల మిల్లులన్నీ ఒక రోజు మూయించారు. నర్సవ్వ భర్త లస్మయ్య అలాంటి మిల్లులోనే బాయిలర్ దగ్గర పనిచేస్తాడు.

“అత్తా, నీకసలే ఆయాసం. తలుపులు మూసుకొని ఇంట్లనే ఉండు.”

“యాడనో అడవిల మంట వెడ్తె గీడిదాక వస్తదా పొగ?”

“వస్తది అత్తా. పగటీలికి ఆకాశమే కనబడదు. కంప్యూటర్ చెప్పింది.”

ఇంటింటికీ తిరిగి మాస్కులు పంచింది. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కించింది. తర్వాత తనూ మాస్కు కట్టుకుని మేడెక్కి, తూర్పు వైపు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నమైంది. ఆకాశం ఉతికి ఆరేసిన నీలం చీరలా ఉంది. అడవి నుంచి సహోద్యోగి ఉమాకాంత్ ఫోన్ చేశాడు.

“మేడమ్, గాలి తిరిగింది. పొగంతా గుట్టల అవతలికి పోతోంది. అటు ఊళ్లే లేవు.”

“మంచిదే కదా” అంది నీరసంగా. ఊరికి పొగ రాలేదని దిగులుపడుతున్న మనిషి సూరత్ మొత్తానికి తనొక్కతే. “గాలి లెక్కలు కట్టే మేడమట! ఇంట్ల ఫ్యాను గాలి ఎటొస్తదో చెప్పుడు రాదు నాకు” అని తనను తానే తిట్టుకుంది.

కిందికి దిగితే ఉన్న పరువూ పోతుందని సాయంత్రం దాకా ఆ ఎండలోనే కూర్చుంది. మాస్కు మాత్రం తీయలేదు. పొగకు కాదు, ముఖం కనబడకుండా.

పొద్దు వాలాక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు నర్సవ్వ, వెనక లస్మయ్య, ఆ వెనక గల్లీ జనం. సంధ్యారాణి చప్పున లేచింది.

“తప్పైంది అత్తా. గాలి తిరిగింది. మామ కూలి నా వల్లనే పోయింది...”

“పోతె పోయింది తియ్యి” అన్నాడు లస్మయ్య.

నర్సవ్వ ఎక్కడా ఆగకుండానే మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఎగపోత లేదు, దగ్గు లేదు. పిట్టగోడ పట్టుకుని, పొగ లేని మిల్లు గొట్టాల వైపు చూస్తూ నిండుగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత సంధ్యారాణి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“మళ్ల గా అడవి ఎప్పుడు కాలవెడ్తరు బిడ్డా?”