పెదవి దాటని మూలికలు

కంపెనీ దొర సిడొనీ ఇంటికి రావడం అది మూడోసారి. ఈసారి టోపీ కూడా తీశాడు.

"ఆకుల పేర్లు చెప్పమంటున్నాను. నీ ప్రాణమేమైనా అడిగానా?"

"ప్రాణమే అడగండి దొరగారూ. మొహమాటానికైనా ఇచ్చేస్తాను," అంది సిడొనీ, బంగాళదుంపలు చెక్కు తీస్తూ.

అది 1904. అంతకు ముందు ఏడాదే సర్కారు మా కొండమీది మఠంలోంచి సన్యాసుల్ని గెంటేసింది. వాళ్ళు స్పెయిన్ పోయారు. రాగి బట్టీలు వదిలేశారు గానీ, మూలికలతో కాచే పచ్చసారా గుట్టు మాత్రం బుర్రల్లో పెట్టుకుపోయారు.

అదేమన్నా మామూలు సారానా? మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో ముసలి సన్యాసి కడుపునొప్పికని కాచాడు. అది పాకి పాకి పారిస్ పెళ్ళిళ్ళకీ, రష్యా రాజుగారి బల్లమీదకీ చేరింది. మా ఊళ్ళో ఒకాయన పోతే పెదాలకి నాలుగు చుక్కలు రాశారట. లేచి కూర్చుని, "ఐదోదేదిరా?" అన్నాడట. నేను చూళ్ళేదు. చూసినవాళ్ళు తాగి ఉన్నారు.

బట్టీలు వేలంలో పాడుకున్న కంపెనీ తనూ ఒకటి కాచింది. రుచి చూసిన మేయరు, "రంగు బాగుంది," అన్నాడు. అంతే. పారిస్ నుంచి సీసాలు వెనక్కొచ్చాయి.

ఇక మిగిలింది సిడొనీ. ఇరవై ఏళ్ళు మఠానికి మూలికలు ఏరింది ఆమే. మంచు కరగ్గానే కొండెక్కేది. ఇరవయ్యేడు రకాలు బుట్టకెత్తి, మఠం గోడలో ఉండే తిరుగుడు పెట్టెలో పెట్టేది. మౌనవ్రతంలో ఉన్న సన్యాసులు లోపల్నుంచి పెట్టె తిప్పేవారు. ఖాళీ బుట్టా, ఓ రొట్టే తిరిగొచ్చేవి. పనిలో చేరిన రోజున పెద్ద సన్యాసి ఆమె చేత సిలువ ముట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఏ ఆకు తెస్తోందో కట్టుకున్నవాడికైనా చెప్పకూడదు.

"చెప్పకపోతే రేపట్నుంచి నీ మొగుడికి బట్టీలో పని లేదు," అని దొర టోపీ పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర మొగుడు బర్నబే మెల్లగా కదిపాడు. "పోనీ, ఓ పది పేర్లు చెప్పి ఊరుకోవే. దేవుడికి లెక్కలు రావు."

"నాకొచ్చు," అంది.

బర్నబే కింద లోయలో సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి దగ్గితే తెల్లటి కళ్ళె పడేది. మంచం పట్టాడు. దొర మళ్ళీ కబురంపాడు, పేర్లు చెబితే పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్పిస్తానని.

"నాకు ఊపిరాడట్లేదే సిడొనీ," అన్నాడు బర్నబే.

సిడొనీ అతని మూతి తుడిచింది. దొర కబురు తెచ్చినవాణ్ణి వట్టి చేతుల్తో తిప్పి పంపింది.

ఆ మాటన్న తొమ్మిదో రోజున అతన్ని పాతిపెట్టారు. "ఆ గడ్డిపరకల్నే కట్టుకోవలసింది, మా అన్ననెందుకు?" అంది ఆడపడుచు, సమాధి దగ్గరే, పదిమందిలో. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ సిడొనీ గడప తొక్కలేదు.

1929లో సన్యాసులు తిరిగొచ్చారు. అరవయ్యారేళ్ళ సిడొనీ మూడు రోజులు కొండలు తిరిగింది. ఇరవయ్యేడు రకాలూ బుట్టకెత్తి మఠం గుమ్మం ఎక్కింది. ఒకప్పుడు పెట్టె తిప్పిన బ్రదర్ ఇలేర్ ఇప్పుడు ద్వారం కాస్తున్నాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడ్డానికి ఆయనకి అనుమతి ఉంది.

"ఒక్క పేరు కూడా పెదవి దాటలేదు బ్రదర్," అంది, రొప్పుతూ. "బర్నబే పోయాడు. అప్పుడు కూడా చెప్పలేదు."

ఆయన బుట్టలోకి చూశాడు.

"చెప్పేస్తే సరిపోయేదమ్మా, గుట్టు కోసం ఎవరైనా నిన్ను పట్టుకుంటే తప్పుడు పేర్లే దొరకాలని సారాలో పడని ఆకులు నీ చేత ఏరించాం గానీ, ఆ ఇరవై ఏళ్ళూ నీ బుట్టని మా మేకలకే వేశాం."