ఇందులో ఉన్నది నువ్వే

"దిండు కట్టుకున్నావా? గుడ్డలు చుట్టుకున్నావా?" అంది కూతురు తల్లితో, ఫొటోని కౌన్సిలర్ బల్ల మీద పడేస్తూ.

తండ్రి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎంత ఇరుకు సందులోనైనా బస్సు తిప్పేసే మనిషికి ఈ గదిలో తన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఫొటోలో తల్లి వదులు గౌనులో, నిండు కడుపుతో, నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతోంది. కూతురికి ఊహ తెలిసినప్పటి నుంచీ అది వాళ్ళింటి గోడ మీదే ఉంది. "ఇందులో ఉన్నది నువ్వే" అని చూపిస్తే, చిన్నప్పుడు ఆ పిల్ల స్టూలెక్కి ఆ కడుపుకి ముద్దులు పెట్టేది.

పెంచుకున్నామన్న సంగతి ఎప్పటికైనా చెప్పాలనే అనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. పరీక్షలయ్యాక చెబుదాం, సెలవుల్లో చెబుదాం అంటూ పదహారేళ్ళు నెట్టుకొచ్చారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న భయం ఒకటి. చివరికి తండ్రి బస్సులో పనిచేసే కండక్టరు భార్య ఆ పని చేసిపెట్టింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింట్లోనో విందులో పిల్లని ఎగాదిగా చూసి, "పెంచుకున్నదైనా ఎంత పోలికో" అనేసింది.

మర్నాడే పిల్ల బట్టలు సర్దుకుని హాస్టల్లో చేరింది. పోతూ పోతూ గోడ మీది ఫొటో పీక్కుపోయింది. రెండు నెలలుగా ఫోనెత్తదు. ఇంట్లో కుట్టుమిషను మూలపడింది. దర్జీ పనితో పదిమందికి బట్టలు కుట్టే తల్లికి ఇప్పుడు తన బట్టలే వదులైపోయాయి. పిల్ల ఒక్క మాటకే ఒప్పుకుంది, ఈ కౌన్సిలర్ దగ్గర ఒక్కసారి కూర్చోవడానికి. తర్వాత ఇంటికొస్తుందో, దూరపు ఊళ్ళో కాలేజీకి పోయి మొహం చూపించదో, ఈ పూట తేలిపోతుంది.

"ఈ గదిలో ఒకటే నియమం," అంది కౌన్సిలర్ తల్లితో. "దాచింది చాలు. ఇంకో అబద్ధం దొర్లితే మీ అమ్మాయి మీకు దక్కదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

తల్లి ఫొటోని తన వైపు తిప్పుకుంది. "ఆ ఫొటో..." అంటూ మొదలుపెట్టింది.

"ఆగు, ముందు నన్ను చెప్పనీ," అంది కూతురు. "ఇక్కడికి నాలాంటి వాళ్ళే చాలామంది వస్తారు. బయట ఇందాక ఒకబ్బాయి కలిశాడు. వాళ్ళ కొడుకు పోతే ఆ చోట్లో వీణ్ని తెచ్చుకున్నారట. మాడిపోయిన బల్బు తీసి పెట్టిన కొత్త బల్బుని నేను, అంటాడు. నవ్వుతూనే అంటాడు. నేనలాంటిదాన్నైతే ఆ ఇంట్లో ఒక్కరోజు ఉండేదాన్ని కాదు. నన్ను నన్నుగా కావాలనుకున్నారు కదా, అదొక్కటే నాకు మిగిలింది. మరి ఈ వేషం దేనికి? లేని కడుపు పెట్టుకుని ఊరికి చూపించావు సరే, నాకెందుకు చూపించావు?"

తల్లి భర్త వైపు చూసింది. ఆయన తల తిప్పలేదు.

"దిండే," అంది.

"ఎలా కట్టావో చూపించు."

"అదంతా అవసరమా?" అనబోయింది కౌన్సిలర్. తల్లి అప్పటికే లేచి, సోఫా మీది దిండు తీసుకుని, మెడలోని స్కార్ఫుతో కడుపుకి కట్టుకుంటోంది.

"బాగా పైకుంది," అంది కూతురు, ఫొటో చేతిలోకి తీసుకుని. "ఇందులో కిందికి జారింది."

తల్లి కిందికి జరిపింది. ఒక చెయ్యి దానంతటదే దిండు అడుగున చేరింది. ఇంకో చెయ్యి నడుం మీదికి పోయింది.

"నడు."

నడిచింది. కాళ్ళు ఎడంగా వేస్తూ, ఆయాసపడుతూ, ఈ గోడ నుంచి ఆ గోడకి. నిలబడ్డచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది ఆమెకి.

కూతురు ఫక్కున నవ్వింది. "అమ్మా, అచ్చం బాతులా ఉన్నావే. ఎవరూ కనిపెట్టలేదా?"

రెండు నెలల తర్వాత వచ్చిన అమ్మా అన్న పిలుపు అది. తల్లి ఆ పిలుపు మీద ఆశతో ఇంకో రెండడుగులు బాతులాగే నడిచింది.

"ఒకసారి మీ నాన్న బస్సులోనే జారిపోయింది," అంది. "సీటిచ్చిన పెద్దాయన గుడ్లప్పగించి చూశాడు."

తండ్రి చటుక్కున లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

"నాన్నకి పరువు పోయినట్టుంది," అంది కూతురు, నవ్వాపుకోలేక. కాసేపటికి గొంతు మెత్తబడింది. "ఇంత తంటా ఎందుకు పడ్డావమ్మా?"

"నిన్నెవరూ పరాయిదనకూడదని."

"నా కోసమేనా?"

"నీ కోసమే. నాకింకెవరున్నారు?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "పిచ్చిదానివమ్మా నువ్వు. ఇక ఈ ఫొటో ఎందుకు, చించెయ్యనా?"

ఆ రోజులది అదొక్కటే ఫొటో. తల్లి దాన్నొకసారి చూసుకుంది.

"చించెయ్," అంది.

కూతురు దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. "ఆదివారం సామాన్లతో వచ్చేస్తా. నాన్నకి చెప్తానుండు," అంటూ బయటికి పరుగెత్తింది.

కౌన్సిలర్ మొహం విప్పారింది. "చూశారా, నిజం చెప్పేస్తే ఎంత తేలికయిందో."

"అవునండీ," అంది తల్లి. స్కార్ఫు ముడి విప్పబోతే వేళ్ళు సాగలేదు. కౌన్సిలరే విప్పి, దిండు సోఫా మీద పెట్టింది. తల్లి చెత్తబుట్ట వైపు చూడకుండా గుమ్మం దాకా నడిచింది.

వరండాలో భర్త గోడకి తలానించి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "సరదాకి నవ్వాను నాన్నా," అని కూతురు ఆయన వీపు నిమురుతోంది.

ఆ కడుపులోని పాప ఒక్క పూట బతికింది.