గంట ఆగాకే

"గంట మోగుతుండగానే మీ ఆయన గ్యాస్ గదిలోకి వెళ్ళాడమ్మా. మొండితనం, ఇంకేం చెప్పను?" అన్నాడు మేనేజరు.

చనిపోయిన ఫిట్టరు భార్య తల వంచుకుంది. "మొండివాడే సార్. ఎవరి మాటా వినడు."

పక్క బల్ల దగ్గర ప్రోగ్రామరు ఆ గంటను నడిపే ప్రోగ్రాంను పరీక్షిస్తోంది. గ్యాస్ తొంభైకి చేరితే గంట మోగాలి. కీబోర్డు మీద తొంభై అయిదు కొట్టింది, గంట మోగింది. తొంభై తొమ్మిదికీ మోగింది. వంద కొట్టగానే ఠక్కున ఆగిపోయింది.



"ఆగిందేం?" మేనేజరు గొంతు తగ్గింది.

"ఈ ప్రోగ్రాం భాషకి నిలకడ లేదు సార్. ఒకచోట అంకెని అంకెలాగే చూస్తుంది, ఇంకోచోట అక్షరాల్లా చూస్తుంది. అక్షరాల్లా చూస్తే మొదటిదే లెక్క. తొంభైలో మొదటిది తొమ్మిది, వందలో ఒకటి. తొమ్మిది కన్నా ఒకటి చిన్నది కాబట్టి, తొంభై కన్నా వంద తక్కువనుకుంది."

"అంటే, గ్యాస్ ఇంకా పెరిగాక గంట ఆగిందా?" అడిగింది ఫిట్టరు భార్య.

"అవునక్కా. గ్యాస్ తగ్గిందనుకుని వెళ్ళుంటాడు."



"గంట ఆగేదాకా లోపల అడుగు పెట్టొద్దని ఆ పొద్దున కూడా పోరి పంపాను. నా మాట వినలేదనుకుంటున్నాను ఇన్నాళ్ళూ," అంది ఫిట్టరు భార్య. "విన్నాడు."